టీవీలో వెతుకులాట: రిమోట్‌కు పని తగ్గించే దారులు

వరుసకు ఆరు అక్షరాల చొప్పున పేర్చిన తెర మీది కీబోర్డులో ఘంటసాల పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో పూర్తిగా కొట్టాలంటే రిమోట్‌ను 40 సార్లు నొక్కాలి. ఆ పేరులో అక్షరాలు పది: జీ, హెచ్, ఏ, ఎన్, టీ, ఏ, ఎస్, ఏ, ఎల్, ఏ. కర్సర్ మొదట ఏ మీద ఉందనుకుంటే, ఒక్కో అక్షరం దగ్గరికి చేరడానికి బాణం బటన్లు 30 సార్లు, ఆ అక్షరాన్ని ఖాయం చేయడానికి ఓకే 10 సార్లు. ఈ ముప్పైలో పన్నెండు కేవలం ఎల్ దగ్గరికి వెళ్లి తిరిగి ఏ దగ్గరికి రావడానికే పోతాయి, ఎందుకంటే ఎల్ రెండో వరుస చివర ఉంటుంది.

అదే పేరును కంప్యూటర్ కీబోర్డు వరుసలో, అంటే పై వరుస క్యూతో మొదలయ్యే అమరికలో, కర్సర్ మొదట ఆ క్యూ మీద ఉందనుకుని కొడితే 53 నొక్కులు అవుతాయి. చేతివేళ్లకు అలవాటైన అమరిక కదా, ఇదే సులువనిపిస్తుంది. కానీ పది వేళ్లకు సౌకర్యంగా ఉండే అమరిక ఒక్క బొటనవేలికి భారం. పది గళ్ల వెడల్పులో ఏ ఎడమ అంచున, ఎల్ కుడివైపున ఉంటాయి. మన పేర్లలో ఏ లేని చోటు తక్కువ. అక్షరాలన్నీ ఒకే గీతలా పరిచిన అమరికలో లెక్క 120కి చేరుతుంది. యాపిల్ టీవీలో ఒకే వరుస కీబోర్డు ఉండటానికి కారణం, దాని రిమోట్ మీద వేలిని జార్చవచ్చు కాబట్టి. జారడం చేతకాకపోతే సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఉన్న కీబోర్డు విభాగంలోకి వెళ్లి గళ్ల అమరికకు మార్చుకోవడమే మేలు.

ఇందులో ముందుగా పనికొచ్చే సంగతి ఒకటుంది. పేరు మొత్తం కొట్టనక్కర్లేదు. ఘంట వరకు కొట్టి ఆపితే 18 నొక్కులే. ఇప్పుడున్న యాప్‌లలో చాలావరకు ఒక్కో అక్షరం పడగానే పక్కన ఫలితాలు మార్చేస్తుంటాయి. మూడో అక్షరం దాటాక ప్రతి అక్షరానికీ ఒకసారి తలెత్తి పక్కకు చూసుకుని, కావలసినది కనిపించగానే కుడి బాణంతో అటు జరిగిపోవాలి. చాలామంది చేసే పొరపాటు, కళ్లను కీబోర్డు మీదే ఉంచి పేరంతా పూర్తి చేయడం.

ఫైర్ టీవీ కీబోర్డులో ఇంకో వెసులుబాటు ఉంది. రిమోట్ మీద వెనక్కి తిప్పే బటన్ ఒక అక్షరం చెరిపేస్తుంది, ముందుకు తిప్పేది ఖాళీ వదులుతుంది, ప్లే బటన్ తర్వాతి అడుగుకు తీసుకెళ్తుంది. తెర మీది కీల పక్కన ఈ గుర్తులు చిన్నగా గీసే ఉంటాయి. తప్పు పడ్డప్పుడల్లా చెరిపే గడి కోసం కర్సర్‌ను అంత దూరం నడిపించే శ్రమ తప్పుతుంది.

ఫోన్‌నే కీబోర్డుగా

రిమోట్‌తో ఎన్ని చిట్కాలు వాడినా, చేతిలో ఫోన్ ఉండగా టీవీ తెర మీద టైప్ చేయడం దండగ పనే. పెద్ద పరికరాలన్నిటికీ ఇప్పుడు రిమోట్ యాప్‌లున్నాయి.

ఫైర్ టీవీకి అమెజాన్ ఫైర్ టీవీ యాప్. ఫోన్, టీవీకి గుచ్చే ఫైర్ టీవీ స్టిక్ రెండూ ఒకే వైఫైలో ఉంచి యాప్ తెరిస్తే పరికరం పేరు కనిపిస్తుంది. దాన్ని ఎంచుకోగానే టీవీ మీద నాలుగంకెల కోడ్ వస్తుంది. అది ఫోన్‌లో కొడితే జత కుదిరినట్టే. తర్వాత టీవీలో వెతికే పెట్టె తెరిచి, యాప్‌లో కీబోర్డు గుర్తు నొక్కితే ఫోన్ కీబోర్డు వస్తుంది.

గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీలకు గూగుల్ టీవీ యాప్‌లోనే రిమోట్ ఉంది. ఇక్కడ జత కలిపే కోడ్‌లో ఆరు గళ్లుంటాయి, అంకెలతోపాటు అక్షరాలూ రావచ్చు. సున్నాను ఓ అనుకుని కొట్టి, కుదరడం లేదని వదిలేసేవాళ్లు ఉంటారు. ఆ కోడ్‌లో అక్షరాలు ఏ నుంచి ఎఫ్ వరకే వస్తాయి కాబట్టి గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నాయే.

యాపిల్ టీవీలో టైప్ చేయాల్సిన పెట్టె తెరుచుకోగానే దగ్గర్లోని ఐఫోన్‌కు ఒక నోటిఫికేషన్ వస్తుంది, దాన్ని తాకితే చాలు. అమెరికాలో ఎక్కువగా వాడే రోకు అనే టీవీ పరికరానికి దాని సొంత యాప్ ఉంది. రిమోట్ పేజీలోనే కీబోర్డు గుర్తు ఉంటుంది. అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు ముందుగా ఫోన్‌లో వేసిపెట్టాల్సింది ఈ యాప్‌నే.

ఫోన్ కీబోర్డుతోనూ కొన్ని చిక్కులుంటాయి. మొదటిది సూచనల వరస. ఈమెయిల్ కొడుతున్నప్పుడు కీబోర్డు పైన వచ్చిన సూచనను తాకితే చివర ఒక ఖాళీ తనంతట తానే చేరుతుంది. టీవీ మీద అది కంటికి కనిపించదు. లాగిన్ మాత్రం విఫలమవుతుంది, పాస్‌వర్డ్ తప్పేమోనని మళ్లీ మళ్లీ కొట్టడం మొదలవుతుంది. మొదటి అక్షరం పెద్దదిగా మారిపోవడం కూడా ఇలాంటిదే. ఈమెయిల్‌కు అది పెద్దగా అడ్డు కాకపోయినా పాస్‌వర్డ్‌కు అడ్డే. లాగిన్ కుదరకపోతే చివర ఒకసారి చెరిపే కీ నొక్కి చూడాలి. అప్పుడు అసలు అక్షరమే పోయిందంటే ఖాళీ లేనట్టు.

రెండోది తెలుగు టైపింగ్‌లో వస్తుంది. గూగుల్ కీబోర్డు యాప్ అయిన జీబోర్డులో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగుగా మార్చే అమరికలో, పదం ఖరారయ్యే దాకా కింద గీతతో ఊగిసలాడుతుంది. ఆ మధ్య దశలోని అక్షరాలు కూడా టీవీకి వెళ్లిపోతే అక్కడ పదం ముక్కలుగా, రెండేసి సార్లు పడుతుంది. దీనికి మొరటు మందే మంచి మందు: ఫోన్‌లో నోట్స్ లాంటి చోట పదం రాసుకుని, కాపీ చేసి, రిమోట్ యాప్ పెట్టెలో పేస్ట్ చేయడం. పాస్‌వర్డ్‌లకూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. అయితే జీబోర్డు క్లిప్‌బోర్డు చరిత్ర ఆన్‌లో ఉంటే కాపీ చేసినది గంటసేపు అక్కడే నిలిచి ఉంటుంది, పని కాగానే దాన్ని చెరిపేయాలి.

మూడో చిక్కుకు ఫోన్ వైపు మందు లేదు. కొన్ని యాప్‌లు పరికరం ఇచ్చే కీబోర్డును వాడుకోకుండా తమ సొంత గళ్లను తెర మీద గీసుకుంటాయి. అది అక్షరాలు రాసే పెట్టె అని పరికరానికే తెలియదు, దాంతో ఫోన్ మీద కీబోర్డు పైకి రాదు. ఇలాంటి చోట టైపింగ్‌ను కాకుండా వెతుకులాటనే ఫోన్‌కు మార్చుకోవాలి. యూట్యూబ్ అందుకు చక్కగా అనుకూలిస్తుంది. ఫోన్‌లోని యూట్యూబ్ యాప్‌లో వెతికి, క్యాస్ట్ గుర్తు తాకి టీవీని ఎంచుకుంటే వీడియోను ఇంటర్నెట్ నుంచి నేరుగా టీవీయే తెచ్చుకుంటుంది. ఫోన్ పక్కన పెట్టేసినా ఆగదు. మిగతా యాప్‌లలో ఈ సౌకర్యం అన్ని పరికరాలకూ ఒకేలా ఉండదు.

ఫోన్, టీవీ ఒకే వైఫైలో లేకున్నా యూట్యూబ్‌కు ఇంకో దారి ఉంది. టీవీలోని యూట్యూబ్ సెట్టింగ్స్‌లో టీవీ కోడ్‌తో లింక్ చేసే ఎంపిక నొక్కితే 12 అంకెల కోడ్ వస్తుంది. ఫోన్‌లో యూట్యూబ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, వాచ్ ఆన్ టీవీ అన్నచోట ఆ అంకెలు ఎక్కిస్తే మొబైల్ డేటా మీదున్న ఫోన్ కూడా ఆ టీవీని నడుపుతుంది. హాస్టళ్లలో, లాడ్జీల్లో వైఫై సహకరించనప్పుడు ఇదే గతి.

ఫోన్‌కు టీవీ కనిపించకపోతే

రిమోట్ యాప్‌లు వేసుకున్నవాళ్లు తర్వాత తీసిపారేయడానికి ముఖ్య కారణం, పరికరం దొరకలేదన్న సందేశం. లోపం చాలాసార్లు యాప్‌లో ఉండదు, ఇంట్లోని నెట్‌వర్క్‌లో ఉంటుంది. ఫోన్ ముందుగా ఇంటి నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా ఒక చిన్న కేక వేస్తుంది; టీవీ స్టిక్ దానికి బదులిస్తే జాబితాలో పేరు కనిపిస్తుంది. ఆ కేక టీవీ దాకా చేరకపోతే మిగతా కథ మొదలే కాదు.

మన ఇళ్లలో ఎక్కువగా తగిలే సందర్భం రెండు రౌటర్లది. ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీ పెట్టెకు ఒక వైఫై, వెనక గదికి అందడం లేదని కొన్న రెండో రౌటర్‌కు ఇంకో వైఫై. రెండూ ఇంటర్నెట్ ఇస్తాయి కాబట్టి అంతా ఒకటే అనిపిస్తుంది. నిజానికి అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు. తేల్చుకోవడం తేలిక: ఫైర్ టీవీలో సెట్టింగ్స్, మై ఫైర్ టీవీ, అబౌట్, నెట్‌వర్క్ అని వెళ్తే ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరానికున్న అంకెల చిరునామా ఉంటుంది. ఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న గుర్తు తాకితే దాని అడ్రస్ కనిపిస్తుంది. సాధారణంగా ఇంటి నెట్‌వర్క్‌లలో మొదటి మూడు భాగాలూ ఒకటే కావాలి. ఒకటి 192.168.29తో, రెండోది 192.168.0తో మొదలైతే రెండూ వేర్వేరు రౌటర్ల కింద ఉన్నట్టే. రెండో రౌటర్‌ను దాని సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మారిస్తే అది సొంత నెట్‌వర్క్ నడపడం మానేసి మొదటిదాన్నే పొడిగిస్తుంది. ఫోన్ 5 గిగాహెర్ట్జ్ వైఫైలో, స్టిక్ 2.4లో ఉండటం మాత్రం మామూలుగా సమస్య కాదు, రౌటర్ ఒకటే అయితే.

గెస్ట్ నెట్‌వర్క్‌కు పరికరాన్ని కలిపినా ఇదే తంటా, ఎందుకంటే అందులో ఉన్నవి ఒకదానికొకటి కనిపించకుండా రౌటరే అడ్డుకుంటుంది. ఏపీ ఐసొలేషన్ అన్న సెట్టింగ్ కూడా అదే పని చేస్తుంది. ఫోన్ ఇంటర్నెట్‌ను వేరే దారిలో మళ్లించే వీపీఎన్ నడుస్తుంటే ఆపాలి. ఐఫోన్‌లో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కూ లోకల్ నెట్‌వర్క్ అనుమతి వేరుగా ఇవ్వాలి. మొదటిసారి అడిగినప్పుడు వద్దు అని నొక్కితే యాప్ మళ్లీ అడగదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రైవసీ విభాగంలో దాన్ని ఆన్ చేయాలి.

నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగిపోయిన ఆండ్రాయిడ్ టీవీలో చూడాల్సింది వేరే. టీవీలోని యాప్‌ల జాబితాలో సిస్టమ్ యాప్‌లు చూపించమంటే ఆండ్రాయిడ్ టీవీ రిమోట్ సర్వీస్ అన్నది కనిపిస్తుంది. దాని డేటా చెరిపేసి, టీవీని రీస్టార్ట్ చేసి, ఫోన్‌ను మళ్లీ జత చేస్తే చాలావరకు దారికొస్తుంది.

మైకులో తెలుగు మాట

రిమోట్ మైకు నొక్కి మాట్లాడటం అన్నిటికంటే తేలికని ప్రకటనలు చెబుతాయి. తెలుగువాళ్లకు అది సగం నిజం. ఫైర్ టీవీ మైకులో మాట వినేది అమెజాన్ అలెక్సా; భారత్‌లో అది అందుకునేవి ఇంగ్లిష్, హిందీ. తెలుగు సినిమా పేరు చెబితే అది తన దగ్గరున్న ఇంగ్లిష్ లేదా హిందీ పదాల్లో దగ్గరిదాన్ని వెతుక్కుంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కువున్న సంస్కృత సమాసం లాంటి పేరైతే ఫలితం నవ్వు తెప్పిస్తుంది.

దీనికి విరుగుడు, పేరు బదులు మనిషిని అడగడం. ప్రసిద్ధ నటుల పేర్లు, వెనక తెలుగు మూవీస్ అన్న మాట, ఈ రెండింటినీ భారతీయ ఇంగ్లిష్‌కు అలవాటుపడిన మైకు బాగానే పట్టుకుంటుంది. అలా వచ్చిన జాబితాలో బాణంతో నాలుగు అడుగులు వేసి సినిమాను చేరడం, పేరును నాలుగుసార్లు గట్టిగా అరవడం కంటే త్వరగా అవుతుంది.

అచ్చంగా తెలుగులోనే మాట్లాడాలంటే మళ్లీ ఫోన్ దగ్గరికే రావాలి. గూగుల్ 2017 ఆగస్టులో మాటను అక్షరంగా మార్చే సదుపాయాన్ని తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలకు విస్తరించింది. జీబోర్డులో తెలుగు భాష చేర్చుకుని, దాని మైకు గుర్తు తాకి మాట్లాడితే తెలుగు లిపిలో పదం పడుతుంది. రిమోట్ యాప్ తెరిచి ఉంటే ఆ పదం టీవీకి చేరుతుంది, లేదా ముందు చెప్పినట్టు కాపీ చేసి పంపవచ్చు.

ఆండ్రాయిడ్ టీవీ రిమోట్ మైకు విషయంలో ఒక తేడా గమనించాలి. హోమ్ తెర మీద దాన్ని నొక్కితే అసిస్టెంట్ వస్తుంది, తనకు తెలిసిన చోటల్లా వెతుకుతుంది. అదే ఒక యాప్‌లో అక్షరాలు రాసే పెట్టె తెరిచి, జీబోర్డు పైకి వచ్చాక నొక్కితే మాట నేరుగా ఆ పెట్టెలో అక్షరాలుగా పడుతుంది. మైకు సరిగా పనిచేయడం లేదని చెప్పేవాళ్లలో చాలామంది అసలు రెండోది కావాలనుకుని మొదటిది నొక్కుతున్నవాళ్లే.

పలకడంలోనూ చిన్న మెలకువలున్నాయి. బటన్ నొక్కగానే కాక, తెర మీద వింటున్నట్టు గుర్తు వచ్చాకే మొదలుపెట్టాలి. లేదంటే మొదటి అక్షరం తెగిపోతుంది, తెలుగు పేర్లలో అదే కీలకం. బటన్‌ను మాట పూర్తయ్యేదాకా వదలకూడదు. మైకు రిమోట్ పైభాగాన చిన్న రంధ్రంలో ఉంటుంది, దాన్ని వేలితో మూయకూడదు. బ్యాటరీలు కూడా చూసుకోవాలి. మామూలు బ్యాటరీ 1.5 వోల్టులిస్తే మళ్లీ ఛార్జ్ చేసే నికెల్ రకం 1.2 వోల్టులే ఇస్తుంది, దాంతో నిండుగా ఉన్నా కొన్ని రిమోట్‌లు అయిపోయిందని చూపిస్తాయి.

స్పెల్లింగే అసలు గోడ

టైపింగ్ ఎంత సులువైనా, కొట్టిన పేరు కేటలాగులో రాసిన పేరుతో కలవకపోతే ప్రయోజనం లేదు. ఓటీటీల్లో తెలుగు సినిమాల పేర్లు సాధారణంగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కిస్తారు, అదీ నిర్మాత పోస్టర్ మీద ఎలా రాస్తే అలా. శ్రీ ఒక్కటే మూడు రకాలు: ఎస్-ఆర్-ఐ, ఎస్-హెచ్-ఆర్-ఐ, ఎస్-ఆర్-ఈ-ఈ. దీర్ఘానికి ఏ ఒకటి వేస్తారో రెండు వేస్తారో చెప్పలేం. తకు టీ ఒక్కటా, పక్కన హెచ్ కూడానా? వకు వీయా, డబ్ల్యూనా? పైగా న్యూమరాలజీ కలిసి రావాలని అక్కర్లేని అక్షరం అదనంగా చేర్చే ఆచారం మన సినిమా వాళ్లకు ఉండనే ఉంది.

వెతికే యంత్రాలు ఒక అక్షరం తేడాను సాధారణంగా సర్దుకుంటాయి. కానీ టైప్ చేస్తుండగానే చూపే ఫలితాలు చాలా చోట్ల మొదటి అక్షరాల మీద ఆధారపడతాయి. తేడా పదం మధ్యలో ఉంటే గట్టెక్కుతుంది. రెండో అక్షరంలోనే ఉంటే కావలసినది జాబితాలోకే రాదు. అందుకే పేరులో అనుమానం లేని పదం నుంచి మొదలుపెట్టాలి. రెండు మూడు పదాల పేరైతే మొదటి పదాన్నే పట్టుకు వేలాడక్కర్లేదు. రెండో పదంలో బీ, కే, ఎం, ఎన్, పీ, ఆర్ లాంటి ఇంకోలా రాయడానికి వీల్లేని అక్షరాలుంటే అదే కొట్టాలి. ఇంటిపేరు పొడి అక్షరాలున్న వ్యక్తులకు, అంటే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం లాంటి పేర్లకు, ముందున్న పొడి అక్షరాలు వదిలేయాలి. ఎస్ తర్వాత చుక్క ఉందో ఖాళీ ఉందో ఎవరికి తెలుసు? బాలసు వరకు కొడితే ఆ గొడవే ఉండదు.

అప్పటికీ దొరకకపోతే ఫోన్‌లో గూగుల్‌ను తెలుగులో అడగాలి. అక్కడ వచ్చే సినిమా కార్డు మీద ఇంగ్లిష్‌లో ఉన్న పేరును అక్షరం అక్షరం అలాగే తీసుకుంటే చాలు. చూడటానికి చుట్టుదారిలా ఉంటుంది కానీ, ఊహించిన స్పెల్లింగులు మార్చి మార్చి కొట్టడం కంటే ఎంతో దగ్గర.

యూట్యూబ్‌లో పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ అప్‌లోడ్ చేసేవాళ్లు శీర్షికలూ వివరాలూ తెలుగు లిపిలో కూడా రాస్తారు. హరికథలు, పద్యాలు, పాత రేడియో నాటికలు, వంటలు, వ్యవసాయం లాంటి వాటికి తెలుగు లిపిలో వెతికితే ఇంగ్లిష్ అక్షరాల్లో రానివి కూడా బయటపడతాయి. రెండు లిపుల్లోనూ ఒక్కోసారి వెతకడం తప్పనిసరి అనుకోవాలి.

అనువాద చిత్రాలది మరో లెక్క. కొన్ని వేదికలు అన్ని భాషల ధ్వనినీ ఒకే ఎంట్రీ కింద పెడతాయి, తెలుగు పేరుతో వెతికితే ఏమీ రాదు. అసలు భాషలోని పేరుతో తెరిచి, ఆడియో మెనూలో తెలుగు ఎంచుకోవాలి. మరికొన్ని భాషకో ఎంట్రీ ఇస్తాయి, అక్కడ పేరు పక్కన భాష చూసుకోకపోతే అరగంట తమిళం విన్నాక గాని తెలియదు.

ఇక ఎక్కడ వెతుకుతున్నామన్నది. హోమ్ తెర మీది వెతుకులాట ఇంట్లో ఉన్న అన్ని యాప్‌లనూ గాలిస్తుందన్నది అపోహ. ఏ యాప్ తన కేటలాగును ఆ పరికరానికి అందించిందో దాన్నే గాలిస్తుంది. హోమ్ తెర మీద లేదంటే యాప్‌లోనూ లేదని కాదు. ప్రాంతీయ ఓటీటీల విషయంలో నేరుగా ఆ యాప్ తెరిచి అందులో వెతకడమే నమ్మకమైన పద్ధతి. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో కారణమూ ఉంటుంది: హక్కులు దేశాన్ని బట్టి అమ్ముతారు, హైదరాబాద్‌లో ఆ యాప్‌లో కనిపించిన సినిమా డాలస్‌లో అదే యాప్‌లో ఉండకపోవచ్చు. అక్కడ స్పెల్లింగ్ మార్చి లాభం లేదు.

పాస్‌వర్డ్ కొట్టకుండా లాగిన్

టీవీలో పాస్‌వర్డ్ కొట్టమని అడిగినా కొట్టకపోవడమే మంచిది. పక్కనే క్యూఆర్ కోడ్ గానీ, చిన్న కోడ్ గానీ ఇచ్చే ఎంపిక చాలా యాప్‌లలో ఉంటుంది. ఫోన్‌లో అప్పటికే లాగిన్ అయి ఉంటే, ఆ కోడ్ ఎక్కించి సరేనంటే టీవీ తెరుచుకుంటుంది. ఈ పద్ధతికి 2019 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8628 అన్న ప్రమాణం ఉంది. కోడ్‌లో అచ్చులు లేకుండా 20 హల్లులే వాడటం మేలని అందులో సూచన, యాదృచ్ఛికంగా ఏదో ఒక మాట ఏర్పడకుండా. టీవీ కోడ్‌లు కొన్ని పలకడానికి నోరు తిరగనట్టు ఉండటం అందుకే.

అదే ప్రమాణం ఒక ముప్పును కూడా ఎత్తిచూపుతుంది: దుండగుడు తన పరికరం మీద వచ్చిన కోడ్‌ను ఇంకొకరికి పంపి ఎక్కించమంటే, వాళ్ల ఖాతా అతని టీవీలో తెరుచుకుంటుంది. ఎదురుగా ఉన్న సొంత తెర మీద కనిపించిన కోడ్ తప్ప, మెసేజ్‌లోనో ఫోన్ కాల్‌లోనో వచ్చింది ఎక్కించకూడదు. యాక్టివేట్ అని గూగుల్‌లో వెతికితే నకిలీ సహాయ కేంద్రాల నంబర్లు తగులుతాయి, యాక్టివేషన్ ఫీజు కట్టమంటాయి. తెర మీద ఉన్న చిరునామానే బ్రౌజర్ పైన ఉండే అడ్రస్ పట్టీలో కొట్టాలి, వెతికే పెట్టెలో కాదు.

వైఫై పాస్‌వర్డ్‌కు మాత్రం ఇలాంటి దారి అన్ని పరికరాల్లో ఉండదు. గూగుల్ టీవీని ఫోన్‌లోని గూగుల్ హోమ్ యాప్ ద్వారా మొదలుపెడితే తప్పుతుంది, లేకపోతే కొట్టాల్సిందే. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, ఎట్ గుర్తు కలిపిన పాస్‌వర్డ్ రిమోట్‌కు నరకం. గుర్తు పడ్డప్పుడల్లా కీబోర్డు పేజీ మార్చి మళ్లీ వెనక్కి రావాలి. దానికి బదులు ఏ క్రమమూ లేకుండా ఎంచిన 12 చిన్న అక్షరాలు పెట్టుకుంటే భద్రత తగ్గదు, పెరుగుతుంది. కీబోర్డు మీది 94 గుర్తులతో ఎనిమిది స్థానాలు నింపే అవకాశాల కంటే 26 అక్షరాలతో పన్నెండు స్థానాలు నింపే అవకాశాలు 15 రెట్లకు పైగా ఉంటాయి. అయితే అవి నిజంగా అడ్డదిడ్డంగా ఎంచినవి కావాలి. ఇంట్లో పిల్లల పేర్లు కలిపి రాస్తే ఈ లెక్క వర్తించదు.

అసలు కీబోర్డే కొంటే

వయసు మళ్లినవాళ్లకు ఫోన్, టీవీ రెండు తెరల మధ్య చూపు మార్చడం చిరాకు. అలాంటి ఇళ్లలో అరచేతిలో పట్టే చిన్న వైర్‌లెస్ కీబోర్డు పనికొస్తుంది. కొనేముందు అది బ్లూటూత్ రకమా, యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న ముక్క, అంటే డాంగిల్ రకమా అన్నది చూడాలి. స్టిక్‌లకు మామూలు యూఎస్‌బీ పోర్టు ఉండదు, డాంగిల్ గుచ్చాలంటే పవర్ కూడా అందించే ఓటీజీ కేబుల్ కావాలి. వాటికి బ్లూటూత్ రకమే సుఖం. సెట్‌టాప్ పెట్టెలకు, స్మార్ట్ టీవీలకు డాంగిల్ రకం గుచ్చగానే పనిచేస్తుంది. రోకులో కీబోర్డు మీద డబ్బు పెట్టవద్దు, యాపే వాడుకోవాలి.

ఫైర్ టీవీలో బ్లూటూత్ కీబోర్డు జత చేయడానికి సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్ అండ్ బ్లూటూత్ డివైజెస్, తర్వాత అదర్ బ్లూటూత్ డివైజెస్, తర్వాత యాడ్ బ్లూటూత్ డివైజెస్. కీబోర్డును జత కలిపే స్థితిలో పెడితే పేరు వస్తుంది. కొన్నిటికి తెర మీది అంకెలు కీబోర్డులో కొట్టి ఎంటర్ నొక్కాలి. తర్వాత బాణాలు, ఎంటర్ రిమోట్‌లాగే పనిచేస్తాయి, ఎస్కేప్ వెనక్కి తీసుకెళ్తుంది.

అక్షరాలు ఆగి ఆగి పడుతున్నా, ఒకటే అక్షరం వరుసగా పడుతున్నా సిగ్నల్ మీద అనుమానపడాలి. యూఎస్‌బీ 3.0 పోర్టు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రొద పుట్టిస్తుందని ఇంటెల్ 2012లోనే వివరించింది. డాంగిల్‌ను ఆ 3.0 రకమైన నీలిరంగు పోర్టులోంచి తీసి నల్లదాంట్లో పెట్టాలి. స్టిక్ అయితే టీవీ వెనక లోహపు రేకుకు అతుక్కుని ఉండకుండా, పెట్టెలో దానితోపాటు వచ్చే చిన్న హెచ్‌డీఎంఐ పొడిగింపు వైరుతో బయటికి వేలాడదీయాలి. ఎట్ గుర్తు కొడితే కొటేషన్ గుర్తు పడుతోందంటే కీబోర్డు బ్రిటన్ అమరికలో ఉంది, అమెరికన్ ఇంగ్లిష్‌కు మార్చాలి.

వెతుకులాటే లేకుండా

చూడాల్సినవాటిని టీవీ ముందు కూర్చున్నాక వెతకడం కంటే, ఎవరో ఒక సినిమా బాగుందని చెప్పినప్పుడే ఫోన్‌లో యాప్ తెరిచి జాబితాలో పడేసుకోవడం మేలు. ప్రైమ్ వీడియోలో వాచ్‌లిస్ట్, నెట్‌ఫ్లిక్స్‌లో మై లిస్ట్, యూట్యూబ్‌లో వాచ్ లేటర్, మూడూ ఖాతాకు ముడిపడినవే. ఫోన్‌లో చేర్చింది టీవీలో కనిపిస్తుంది. కనిపించలేదంటే ముందుగా ప్రొఫైల్ చూడాలి. ఫోన్‌లో ఒకరి ప్రొఫైల్, హాల్లో టీవీకి ఇంకొకరిది ఉంటే జాబితాలు కలవవు. యూట్యూబ్‌లో టీవీ వేరే జీమెయిల్ ఖాతాతో తెరిచి ఉండటం మరీ మామూలు. కొన్నప్పుడు షాపు కుర్రాడు ఏదో ఒక కొత్త ఖాతా తయారుచేసి పెట్టి ఉంటాడు, ఆ తర్వాత దాని సంగతి ఎవరూ పట్టించుకుని ఉండరు.